పిత్రార్జిత పాపం: హిబ్రూ గ్రంథాలలో మోసినవారు, మోయనివారు

పిత్రార్జితం అనే మాట మనకు ముఖ్యంగా ఆస్తి వ్యవహారాలలో పరిచితమైనది. తండ్రి గడించిన పొలం కొడుకుకు వస్తుంది. తండ్రి చేసిన అప్పూ వస్తుంది. పాపం కూడా ఈ పద్దులో చేరుతుందా అనే ప్రశ్న హిబ్రూ ధర్మగ్రంథాలను మొదటినుంచి తుదిదాకా విడువక వెంటాడినది. క్రీ. పూ. ఆరవ శతాబ్ది తొలిరోజులలో యూదా ప్రజల నోట ఒక సామెత విరివిగా ఆడుతూ ఉండెనని యిర్మీయా, యెహెజ్కేలు అనే ప్రవక్తల గ్రంథాల వల్ల తెలుస్తున్నది. పుల్లని ద్రాక్షలు తిన్నది తండ్రులైతే పళ్లు పులిసినది బిడ్డలకని దాని తాత్పర్యం. ఇద్దరు ప్రవక్తలూ ఈ సామెతను ఎత్తుకొన్నది కొట్టివేయడానికే. రాబోయే దినాలలో దీనిని ఎవరూ పలుకరని యిర్మీయా ఆశ చెప్పినాడు. ఇప్పుడే పలుకుట మానుమని యెహెజ్కేలు గద్దించినాడు.

ఈ ఘట్టాన్ని వ్యాఖ్యాతలు పలువురు ఒక సోపానక్రమంగా వివరించినారు. పూర్వకాలంలో వంశమంతా ఒక్క శరీరమనే భావన ఉండెననీ, అందుచేత ఒకని తప్పు అందరూ అనుభవించేవారనీ, బబులోను ప్రవాసంలో వ్యక్తి బాధ్యత అనే తలంపు మేల్కొన్నదనీ వారి వాదం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని గ్రంథం ఇంత చక్కగా మెట్లు మెట్లుగా అమరి లేదు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వెంట వచ్చునని నిర్గమకాండము చెప్పగా, తండ్రుల కొరకు కొడుకులను గాని కొడుకుల కొరకు తండ్రులను గాని చంపరాదని ద్వితీయోపదేశకాండము న్యాయస్థానాలకు నియమం విధించినది. అమజ్యా రాజు తన తండ్రిని హత్య చేసినవారిని దండించి, ఈ నియమాన్ని అనుసరించి వారి బిడ్డలను విడిచిపెట్టినాడని రాజుల గ్రంథం ప్రత్యేకించి పేర్కొన్నది. మరొకవంక, యెరూషలేము కూలిన పిమ్మట పుట్టిన విలాపవాక్యములలో పాతమాటే తిరిగి వినవస్తుంది. రెండు మాటలూ ఒకే గ్రంథసముదాయంలో ఇరుగు పొరుగుగా కాపురమున్నవి. కాబట్టి ఏది ముందు ఏది వెనుక అని లెక్కించుటకంటె, ఏ సందర్భంలో ఏ మాట వచ్చినదో చూచుట మేలు.

అట్లు చూచినప్పుడు నాకు ఒక విషయం స్పష్టంగా గోచరించినది. హిబ్రూ కథకులు ఒక తరం దోషం మరొక తరం మీద పడినదని చెప్పిన చోట్లలో చాలావరకు, నడుమ ఒక పీఠం ఉన్నది; ఆ పీఠం మీద ఒక మనిషి ఉన్నాడు. భారం మోయవలసినవాడు మోయలేదు. అది క్రిందివారి మీద పడినది. పిత్రార్జిత పాపం, ఆధ్యాత్మిక నాయకుల వైఫల్యం అని మనం విడివిడిగా చర్చించే రెండు విషయాలు ఆ గ్రంథాలలో ఒకే విషయం.

ముందుగా ఒక అపోహను తొలగించవలె. పుట్టిన ప్రతి మనిషీ ఆదిపురుషుని పాపంతోనే పుట్టుచున్నాడనే సిద్ధాంతం ఇక్కడి ప్రస్తావన కాదు. ఆదాము కథకు హిబ్రూ గ్రంథాలలో అటువంటి వ్యాఖ్యానం లేదు. పౌలు పత్రికలను ఆధారం చేసికొని దానికి శాస్త్రరూపం కల్పించినవారిలో ముఖ్యుడు అగస్టీన్ (354–430). యెహెజ్కేలు తండ్రి కొడుకుల పాపాన్ని గూర్చి ఒక అధ్యాయం పొడవునా తర్కించినాడు గాని, అందులో ఆదాము పేరైనా ఎత్తలేదు. ఆయన ముందున్నవారు నిన్నమొన్నటి తండ్రులు. ఊరూ పేరూ ఉన్నవారు.

ఇక భాషను గూర్చి. అనువాదకునికి ఇక్కడ మొదట అడ్డుపడే పదం ‘ఆవోన్’. దోషం, దోషం వల్ల కలిగిన భారం, దానికి వచ్చే దండన, ఈ మూడూ ఆ ఒక్క పదంలోనే ఇమిడి ఉన్నవి. దానితో కూడివచ్చే క్రియ ‘నాసా’. దీనికి ఎత్తుట అని అర్థం. మనిషి ఆవోన్‌ను ఎత్తినాడంటే దోషభారం మోసినాడని. దేవుడు ఆవోన్‌ను ఎత్తినాడంటే క్షమించినాడని. మోయుటకూ క్షమించుటకూ ఒకటే మాట! ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరువేరు పదాలు వాడక తప్పదు కనుక చదువరికి వాటి చుట్టరికం తెలియదు. హిందీలో ‘ఉఠానా’ అనే క్రియ ఈ పని కొంత చేస్తుంది. బరువు మోయుటకూ అదే, ఉన్నచోటినుంచి తీసివేయుటకూ అదే. మన తెలుగు ఇంకా దగ్గరగా వచ్చినది. బరువును నెత్తికి ఎత్తుకొంటాము, శిక్షను ఎత్తివేస్తాము. మూడు నాలుగు తరాల దండనను గూర్చి చెప్పిన నిర్గమకాండములోని వాక్యం తెలుగువారికి సంపూర్ణంగా బోధపడవలెనంటే, అదే వాక్యం పూర్వార్ధంలో దేవుడు ఆవోన్‌ను ఎత్తువాడని ఉన్న సంగతి ముందు తెలియవలె. ఎత్తువాడే లెక్క అడుగుచున్నాడు.

యాజకుని పదవి ఈ క్రియ మీదనే నిలిచి ఉన్నది. అహరోను, అతని కుమారులు పరిశుద్ధస్థలానికి సంబంధించిన ఆవోన్‌ను మోయవలెనని సంఖ్యాకాండము విధించినది. లేవీయకాండములో మరింత వింతైన మాట ఉన్నది. ‘హట్టాత్’ అంటే పాపం. పాపపరిహారానికై ఇచ్చే బలికీ అదే పేరు. ఆ బలిమాంసంలో కొంత యాజకులు పరిశుద్ధస్థలంలో తినవలె. ఒకనాడు అహరోను కుమారులు దానిని తినక కాల్చివేసినందుకు మోషే కోపించినాడు. సమాజం దోషాన్ని మోయుటకే అది మీకు ఇవ్వబడినదని ఆయన ఆక్షేపణ. అనగా ఆ ధర్మంలో యాజకుడు తినుట కూడా మోయుటలో భాగమే. భోజనం కూలి వంటిది కాదు, అదే పని.

దీనిని మనసులో ఉంచుకొని ఏలీ కథ చదివితే అందులోని ప్రతి చిన్న వివరమూ పలుకుతుంది. షిలోహులోని మందిరంలో ఏలీ వృద్ధ యాజకుడు. అతని కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు. భక్తులు బలిమాంసం ఉడకబెట్టుచుండగా యాజకుని పనివాడు మూడు ముండ్ల కొంకి పట్టుకొని వచ్చి కుండలో గ్రుచ్చి, దానికి ఎంత తగులుకొంటే అంతా తీసికొని పోయేవాడు. క్రొవ్వు దేవునికి అర్పించకముందే పచ్చిమాంసం ఇమ్మని నిర్బంధించేవాడు. ఇవ్వకుంటే బలాత్కారంగా తీసికొందునని బెదిరించేవాడు. కథకుడు ఈ యాజకపుత్రుల నాస్తిక్యాన్ని గూర్చి ఉపన్యాసం చెప్పలేదు. కుండనూ, కొంకినీ చూపి ఊరకున్నాడు. మందిరద్వారంలో సేవచేసే స్త్రీల విషయంలో వారి నడవడిని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయినాడు.

ఏలీ చెడ్డవాడా? కథ అట్లు చెప్పదు. అతని లోపం చూపులో ఉన్నది. బిడ్డల కొరకు పెదవులు మాత్రం కదలించి ప్రార్థించుచున్న హన్నాను చూచి త్రాగి వచ్చినదనుకొన్న యాజకుడతడు. తప్పు తెలిసికొని వెంటనే ఆశీర్వదించినాడు. కొడుకులను మందలించినాడు కూడా. కాని మాటలతో సరిపుచ్చి, పదవినుంచి తొలగించలేదు. దైవజనుడొకడు వచ్చి చేసిన నేరారోపణలో కొడుకులతో పాటు ఏలీని కూడా కలిపి, నైవేద్యాలలో శ్రేష్ఠమైన భాగాలతో మీరు క్రొవ్వినారన్నాడు. ఈ మాట వ్యర్థంగా పడలేదు. రెండధ్యాయాల తరువాత, కుమారులిద్దరూ యుద్ధంలో హతులైనారనీ దేవుని మందసము ఫిలిష్తీయుల చేతికి చిక్కినదనీ వార్త వచ్చినప్పుడు, 98 ఏండ్ల ఏలీ పీఠం మీదినుంచి వెనుకకు పడి మెడ విరిగి మరణించినాడు. అతడు ముసలివాడు, బరువైనవాడు అని కారణం చెప్పబడినది. హిబ్రూలో బరువుకూ మహిమకూ ధాతువు ఒకటే. ఆ దినమే పుట్టిన మనుమనికి ఈకాబోదు అని పేరు పెట్టినారు. మహిమ పోయినదని దాని సూచన. మోయవలసిన భారం మోయక, తానే భారమై కూలిన యాజకుని చిత్రం ఇది. ఇంత పొదుపుగా ఇంత క్రూరమైన శ్లేషను నడిపిన కథకులు ప్రపంచ సాహిత్యంలో అరుదు.

అయినా ఏలీకి ఒక గొప్ప క్షణం దక్కినది. తన ఇంటి నాశనాన్ని గూర్చిన వాణి తన దగ్గర పెరుగుచున్న బాలుడు సమూయేలుకు వినిపించినది. బాలుడు చెప్పుటకు భయపడినాడు. ఏలీ బలవంతపెట్టి, ఒక్క మాటా దాచవద్దని ఒట్టు పెట్టి, అంతా విని, దేవుని చిత్తమని తల వంచినాడు. కన్ను మసకబారినవానికి చెవి మిగిలినది.

శాపం అక్కడితో ఆగలేదు. అతని వంశంవాడైన అహీమెలెకు నోబు అనే ఊరిలో యాజకుడు. ఆకలిగొని వచ్చిన దావీదుకు పవిత్రమైన రొట్టె ఇచ్చినాడు. ఆ నేరానికి సౌలు రాజు ఆజ్ఞ మీద 85 మంది యాజకులు హతులైనారు. ఊరిలోని స్త్రీలూ పసిబిడ్డలూ కత్తికి ఎర అయినారు. ఇతరుల కుండలోనుంచి లాగుకొని తిన్న తాతల పాపం, ఆకలిగొన్నవానికి పెట్టిన మనుమని మీద పడినది. తప్పించుకొన్న అబ్యాతారు ఒక్కడు దావీదును ఆశ్రయించినాడు. చివరకు సొలొమోను అతనిని కూడా యాజకత్వంనుంచి తొలగించి అనాతోతు అనే పల్లెకు పంపివేసినాడు. ఏలీ వంశాన్ని గూర్చిన మాట దీనితో నెరవేరినదని రాజుల గ్రంథం ముక్తాయించినది.

విమర్శకుడు ఇక్కడ ఒక ప్రశ్న అడుగక తప్పదు. ఈ శాపకథ ఎవరికి ఉపకరించినది? అబ్యాతారు పోయిన చోట సాదోకు ప్రధాన యాజకుడైనాడు. తరువాత యెరూషలేములో అతని వంశానిదే ప్రాబల్యం. ఏలీకి వినిపించిన శాపంలోనే, అతని స్థానంలో నమ్మకమైన యాజకుడొకడు రాబోవుచున్నాడనే మాట చేరి ఉన్నది. ఓడిన వంశం పాపం చేత ఓడినదని గెలిచిన వంశంవారు చెప్పుకొనుట లోకంలో క్రొత్త కాదు. పిత్రార్జిత పాపమనే సిద్ధాంతం నాయకుల వైఫల్యానికి ఫలితం మాత్రమే కాక, ఒకప్పుడు నాయకుల చేతి ఆయుధం కూడా అయి ఉండవచ్చును. అయితే గెలిచినవారి కథలో నోబు పసిబిడ్డలను ఎందుకు దాచలేదు? ఆ రక్తం శాపఫలమని కథకుడు అక్కడ అనలేదు. సౌలు క్రౌర్యమనియే చూపినాడు. ఈ నిజాయితీ వల్లనే ఆ కథ వంశప్రచారం కాక సాహిత్యమైనది.

ఏలీ ఇంటి పతనాన్ని ముందే విన్న సమూయేలు గతి ఏమైనది? అతని కుమారులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచాలు తిన్నారు. ఆశ్చర్యమేమంటే ఈసారి వంశశాపం లేదు. పెద్దలు వచ్చి, నీ కొడుకులు నీ దారిన నడచుట లేదు, మాకు రాజును నియమించుమని అడిగినారు. ఈ దోషానికి మూల్యం సమూయేలు వంశం కాక జాతి చెల్లించినది. రాజు రాబోవు వెట్టినీ పన్నులనూ సమూయేలే స్వయంగా వారికి వివరించి హెచ్చరించినాడు. పాపం రక్తం ద్వారా ప్రవహించుననే లెక్కకు ఇది లొంగదు. కోరహు సంగతి కూడా ఇటువంటిదే. యాజకత్వం కోరి మోషే మీద తిరుగబడిన అతనిని భూమి మ్రింగినదని ఒక అధ్యాయం చెప్పగా, కోరహు కుమారులు చావలేదని పది అధ్యాయాల తరువాత ఒక్క వాక్యం చెప్పినది. కీర్తనలలో పలుచోట్ల శీర్షికగా ఉన్నది ఆ కుమారుల పేరే.

మొదటి యాజకుడు అహరోను సంగతి అందరికీ తెలిసినదే. ప్రజలు దేవతను చేయుమంటే బంగారు దూడను చేసి, మోషే నిలదీసినప్పుడు నెపం ప్రజల మీదికి త్రోసినాడు. బంగారం నిప్పులో వేయగా దూడ తనంత తానే బయటికి వచ్చినదన్నాడు. హాస్యానికి పెద్దగా చోటివ్వని ఆ గ్రంథంలో ఇది నిజమైన హాస్యం. అదే అధ్యాయంలో మోషే, వారి పాపాన్ని ఎత్తివేయుము, లేదా నీ గ్రంథంలోనుంచి నా పేరు తుడిచివేయుమని ప్రార్థించినాడు. భారం ఎత్తుకొన్నవాడు ఒకడు, దించుకొన్నవాడు ఒకడు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు.

క్రీ. పూ. ఎనిమిదవ శతాబ్దిలో హోషేయ ఈ సూత్రాన్ని ఒక శ్లేషతో పట్టుకొన్నాడు. యాజకులు నా ప్రజల హట్టాత్‌ను తినుచున్నారని దేవుని చేత అనిపించినాడు. బలిని తినుచున్నారని ఒక అర్థం. పాపాన్నే తిని బ్రతుకుచున్నారని రెండవది. ప్రజలు ఎంత పాపం చేస్తే యాజకునికి అంత భోజనం. కనుక వారు పాపం చేయవలెననే యాజకుని మనసులో ఆశ. మోయుటకు గుర్తుగా పెట్టిన అన్నం, మోయుట మానివేసిన తరువాత కూడా వచ్చుచునే ఉన్నది. నీవు ధర్మశాస్త్రం మరచినావు కనుక నేను నీ బిడ్డలను మరచెదనని అక్కడనే యాజకునికి దండన కూడా చెప్పబడినది. తెలుగులో ఈ శ్లేష నిలుచుట కష్టం. ‘పాపం తినుట’ అంటే మనకు కనికరం పుట్టవచ్చునేమో గాని కోపం పుట్టదు. అనువాదకుడు ఏదో ఒక అర్థాన్ని ఎంచుకొని రెండవదాన్ని వదలుకోవలసిందే.

రాజుల విషయంలో గ్రంథం తనతో తానే విభేదించినది. యూదా నాశనానికి 55 సంవత్సరాలు ఏలిన మనష్షే పాపమే కారణమని రాజుల గ్రంథం అంటుంది. మనుమడు యోషీయా ఎంత సంస్కరించినా ఆ కోపం చల్లారలేదట. తరువాత వ్రాసిన దినవృత్తాంతములలో మనష్షే బబులోనులో బందీ అయి, పశ్చాత్తాపపడి, తిరిగి వచ్చి విగ్రహాలను తీసివేసినాడు; యెరూషలేము కూలినది మాత్రం సిద్కియా కాలపు యాజకులూ ప్రజలూ చేసిన అపవిత్రత వల్ల. తాత నెత్తినున్న భారాన్ని దించి, ఆ తరంవారి నెత్తినే పెట్టినాడు ఈ రెండవ చరిత్రకారుడు. చరిత్రగా ఏది నిజమో తేల్చుట సులభం కాదు గాని, పుల్లని ద్రాక్షల సామెతకు అతడు చెప్పిన సమాధానం ఇదేనని నా అభిప్రాయం.

యెహెజ్కేలు యాజకుని కుమారుడు. క్రీ. పూ. 597లో యెహోయాకీను రాజుతో పాటు చెరపట్టినవారిలో ఒకడై, బబులోను దేశంలో కెబారు కాలువ ఒడ్డున నివసించినాడు. అతనికి మందిరం లేదు, బలిపీఠం లేదు. ఆ స్థితిలో అతని చేత దేవుడు చేయించిన పనిని గమనించవలె. 390 దినాలు ఎడమ ప్రక్క మీద పండుకొని ఇశ్రాయేలు ఆవోన్‌ను, 40 దినాలు కుడి ప్రక్క మీద పండుకొని యూదా ఆవోన్‌ను మోయవలె. ఇక్కడ వాడిన క్రియ మనకు పరిచితమైనదే. పదునెనిమిదవ అధ్యాయంలో, కొడుకు తండ్రి ఆవోన్‌ను మోయనక్కర లేదని చెప్పినప్పుడు వాడినదీ అదే క్రియ. ఒకని దోషం మరొకడు మోయరాదన్న ప్రవక్త తానే వందల దినాలు ఇతరుల దోషం మోసినాడు. దీనిని పరస్పర విరుద్ధమనువారు కలరు. నాకట్లు తోచదు. కొడుకుగా పుట్టినందుకు ఎవడూ మోయనక్కర లేదు. యాజకుడుగా నిలిచినవాడు మోయవలె. కావలివాని ఉపమానంలో ఇదే ధర్మం మరొక విధంగా చెప్పబడినది: హెచ్చరిక చేయని కావలివాడు చచ్చినవాని రక్తానికి జవాబుదారి.

ముప్పదినాలుగవ అధ్యాయంలో కాపరుల మీద వచ్చిన తీర్పు దీనికి చివరి మెట్టు. ప్రాచీన పశ్చిమాసియాలో కాపరి అంటే ముఖ్యంగా రాజు. కాని యాజకులను, ప్రవక్తలను యెహెజ్కేలు ఇరువదిరెండవ అధ్యాయంలోనే అదే పంక్తిలో నిలబెట్టినాడు. వారు క్రొవ్విన గొఱ్ఱెలను తిన్నారు, ఉన్ని కప్పుకొన్నారు, విరిగిన కాలికి కట్టు కట్టలేదు, తప్పిపోయినదానిని వెదకలేదు. నా గొఱ్ఱెలను వారి నోటినుంచి విడిపించెదనని దేవుని మాట. సింహం నోటినుంచి కాదు, కాపరి నోటినుంచి. సామెతలో పుల్లని ద్రాక్షలు తిన్న తండ్రులు ఎవరో ఈ అధ్యాయం చెప్పినదని నేను భావించుచున్నాను. ఇంతటి ప్రవక్తలో కాఠిన్యం లేదని కాదు. యెరూషలేమును వ్యభిచారిణిగా చిత్రించిన అతని అధ్యాయాలు స్త్రీల ఎడల చూపిన నిర్దయ ఏ వ్యాఖ్యానంతోనూ మెత్తబడదు.

తరువాతి యూదు పండితులు ఈ మార్పును నిర్భయంగా అంగీకరించినారు. మోషే విధించిన నాలుగు శాసనాలను నలుగురు ప్రవక్తలు రద్దు చేసినారనీ, పిత్రార్జిత దండనను రద్దు చేసినవాడు యెహెజ్కేలనీ రబ్బీ యోసే బర్ హనీనా చెప్పినట్లు తాల్ముదులో ఉన్నది. ధర్మశాస్త్రాన్ని ప్రవక్త కొట్టివేసినాడని ధర్మశాస్త్రమే పరమమనువారు ఒప్పుకొనుట సామాన్యం కాదు.

రద్దు చేసినంత మాత్రాన బరువు దిగిందా? విలాపవాక్యములు ఆ ప్రశ్నను తెరచియే ఉంచినవి. నాలుగవ అధ్యాయంలో, పట్టణం కూలినది ప్రవక్తల పాపం వల్ల, యాజకుల దోషం వల్ల అని నేరుగా ఉన్నది. ఐదవ అధ్యాయంలో ప్రజలు, తండ్రులు పాపం చేసి గతించినారు, మేము మోయుచున్నామని మొరపెట్టినారు. కొన్ని చరణాలు దాటగానే, పాపం చేసినది మేమేనని ఒప్పుకొన్నారు. ఋగ్వేదం ఏడవ మండలంలో వసిష్ఠుడు వరుణుని ప్రార్థించుచు, పితరులు చేసిన ద్రోహాలనుంచీ తాము చేసినవాటినుంచీ కూడా విడిపించుమని ఒకే ఋక్కులో వేడినాడు. బాధలో ఉన్నవాడు రెండు లెక్కలను వేరు చేయలేడు కాబోలు. అయితే వసిష్ఠుని ప్రార్థనలో నడుమ నిలిచిన యాజకుని మీద ఫిర్యాదు లేదు. విలాపవాక్యములలో ఉన్నది.

ఇక అనాతోతు. సొలొమోను అబ్యాతారును పంపివేసిన ఆ పల్లెలోని యాజకులలో ఒకని కుమారుడు యిర్మీయా. అతడు ఏలీ సంతతివాడని గ్రంథం చెప్పలేదు. ఊరి పేరు మాత్రం చెప్పి ఊరకున్నది. మందిరాన్ని నమ్ముకొన్నవారితో, వెళ్లి షిలోహుకు ఏమైనదో చూడుమని అన్నవాడు అతడే. పుల్లని ద్రాక్షల సామెత ఇక వినబడదని ముప్పదియొకటవ అధ్యాయంలో ఆశ చెప్పినవాడూ అతడే. ఆ తరువాతి అధ్యాయంలో బబులోను సేనలు యెరూషలేమును ముట్టడించి ఉన్నవి; ప్రవక్త చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలం కొనుక్కొనుము, వారసత్వపు హక్కు నీదేనన్నాడు. శత్రువుల చేతికి పోబోవు భూమి అది. యిర్మీయా 17 షెకెలుల వెండి తూచి ఇచ్చి, సాక్షుల ఎదుట దస్తావేజు వ్రాయించి ముద్ర వేసి, చాలాకాలం నిలుచునట్లు మట్టికుండలో పెట్టుమని బారూకు చేతికి ఇచ్చినాడు.